మెషీన్‌లో కోసేసిన చెరుకు

కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అయి ఉంటుంది అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డెబ్బయ్యేళ్లు దాటాయి. పొద్దునా సాయంత్రం బీపీ గోళీలు మింగుతున్నాను. పోయిన ప్రతిసారీ కోపం తగ్గించుకోవాలని డాక్టరు చెబుతాడు. తగ్గించుకోను. ఉద్యోగం నాకు మిగిల్చిన సొత్తు అదొక్కటే. కంప్యూటర్ పనుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. చదివాక, అప్పటి మెషీన్లు అట్లా ఉండేవి, ఇప్పుడు ఆ బాధ లేదు అనుకుంటే మీ ఇష్టం.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. బాన్సువాడ బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకున్నాను. హైదరాబాద్ పోయినప్పుడల్లా కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొచ్చి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీతో కుస్తీ పట్టాను. తొంభైల మొదట్లో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల చెరుకు ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అందులో ఎవరి పేరూ చెప్పను. పేర్లు చెబితే, ముసలాయన ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నాడని పక్కన పెట్టేస్తారు. కొన్నాళ్లకు ఆఫీసుకు ఒక కంప్యూటర్ వచ్చింది. దుమ్ము పడకుండా దాని మీద దుప్పటి కప్పి, దగ్గరికి పోవాలంటే చెప్పులు విడవాలని నియమం పెట్టారు. చెప్పులు విడిచి దాని ముందు కూర్చున్నది నేనొక్కణ్ణే. అట్లా టైపిస్టును కాస్తా కంప్యూటర్ మనిషినయ్యాను. జీతం మాత్రం టైపిస్టుదే.

ఆ ఆఫీసు పనేమిటో కొంచెం చెప్పాలి. చెరుకును రైతు తనకిష్టం వచ్చినప్పుడు కోసి ఫ్యాక్టరీకి తోలడానికి లేదు. అందరూ ఒకేసారి తోలితే గేటు ముందు బండ్లు వారాల తరబడి నిలిచిపోతాయి. అందుకని ఎవరు ముందు నమోదు చేయించుకున్నారో చూసి, ఆ వరసలో ఆఫీసు ఒక చీటీ ఇస్తుంది. దాన్ని కటింగ్ ఆర్డర్ అంటారు. ఆ చీటీ లేకపోతే కోత కూలీలు చేనులోకి దిగరు, ఫ్యాక్టరీ గేటు తెరుచుకోదు. చీటీ ఆలస్యమైతే చెరుకు పూత పడుతుంది, లోపల బెండు బారుతుంది, రసం పోతుంది. ఏడాదంతా నీళ్లు కట్టిన పంట పొయ్యిలో పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇక నంబర్ల సంగతి. ప్రతి రైతుకూ ఐదంకెల నంబరు ఉండేది. మొదటి రెండంకెలు ఊరివి, తర్వాతి మూడు మనిషివి. ఫ్యాక్టరీకి దగ్గరి ఊళ్లకు చిన్న అంకెలు, దూరం పోయినకొద్దీ పెద్దవి. బీర్కూర్ దిక్కు కాలువ కింది ఊళ్లవి ఒకటి నుంచి పది లోపలే. పెద్ద కొడప్‌గల్ దాటి మద్నూర్ దిక్కు పోతే అరవైలూ డెబ్బైలూ. మనుషుల్లోనూ రెండు రకాలు. వాటా ఉన్న మెంబర్లకు ఐదువందల లోపు నంబరు. మెంబర్లు కానివాళ్లకు ఐదువందల పైన. ఒక సీజన్ మొత్తం చెరుకు సరిగ్గా తోలితే మరుసటి ఏడు మెంబరు కావొచ్చు. మెంబరైతే విత్తనం చెరుకు ఇస్తారు, ఎరువు ఇస్తారు, కటింగ్‌లో మాట చెల్లుతుంది. మా దిక్కు రైతులకు ఆ నంబరు ఇంటిపేరు లాంటిది. తాత నంబరు మనవడికి వస్తుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయిది రెండొందల లోపు నంబరని చెప్పుకున్నవాళ్లను నేను చూశాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో చేతి మెషీన్లు వచ్చాయి. ఇటుకంత ఉండేవి. పైన రెండు వరసల తెర, కింద మీటలు, నెత్తిన చీటీ అచ్చు వేసే చిన్న ప్రింటరు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. రైతుల వివరాలన్నీ అందులోనే ఒక చిన్న డేటాబేస్‌గా ఉంటాయి. ఫీల్డ్‌మాన్ ఊరికి పోయి నంబరు కొడితే, ఎన్నెకరాలు, కోతకు వచ్చిందా, కోత అయిపోయిందా అన్నీ తెర మీద పడతాయి. వరస వచ్చి ఉంటే చీటీ అక్కడికక్కడే అచ్చవుతుంది. జాగా చాలదని పేర్లు పెట్టలేదు. ఆ మెషీన్‌కు మనిషంటే నంబరు, అంతే.

తెచ్చిన రోజు పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టి, మెషీన్‌కు కుంకుమబొట్టు పెట్టారు. బొట్టు జారి మీటల సందుల్లోకి పోతే నేనే దూదితో తుడిచాను. శుభమా అని మొదటి ఊరి మొదటి మెంబరు నంబరు కొట్టి చూశారు. తర్వాత రెండో ఊరి పెద్దమనిషిది, మూడో ఊరి పెద్దమనిషిది. అన్నీ చక్కగా వచ్చాయి. చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నాం. డెబ్బయ్యో ఊరి నంబరు ఆ రోజు ఎవరూ కొట్టలేదు. ఆ ఊరి మనిషిని పూజకు ఎవరు పిలుస్తారు?

ఆ సీజన్ మధ్యలో, ఎండ ముదురుతున్న రోజుల్లో, ఒకామె ఆఫీసుకు వచ్చింది. మద్నూర్ అవతలి ఊరు. రెండు బస్సులు మారి వచ్చింది. మరాఠీ కట్టు చీర, మోచేతుల దాకా సన్నటి గీతలు. మెంబరు కాదు. తనకూ తోడికోడలికీ కలిపి ఉన్న ఎకరన్నరలో బోరు వేసి మొదటిసారి చెరుకు పెట్టింది. భూమి ఆమె పేరనే ఉంది, నమోదు కూడా ఆమె పేరనే. నంబరు డెబ్బై వేల ఆరువందల పన్నెండు. ఆ నంబరు ఎందుకు గుర్తుందో మీకే తెలుస్తుంది.

"సారూ, నా కటింగ్ ఆర్డర్ ఎప్పుడిస్తరు? మా పక్క చేనోళ్ల చెరుకు ఎప్పుడో పాయె" అంది.

మా ఫీల్డ్‌మాన్ కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం మనిషి. మెత్తని మాట, మెత్తని స్వభావం. ఆమె నంబరు కొట్టి చూశాడు.

"మీది కటింగ్ అయిపోయిందమ్మా" అన్నాడు.

"ఏంది?"

"కోసేశారండీ. ఏడెకరాలూ. సీజన్ మొదట్లోనే."

ఆమె మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. "ఏడెకరాలా? నాకున్నదే ఎకరంనర. గా మిగిలింది యాడున్నదో జెర సూపెట్టుండ్రి సారూ, పోయి దున్నుకుంట."

గదిలో ఉన్న రైతులు నవ్వారు. ఆమె నవ్వలేదు. చెయ్యి చాపి మోచెయ్యి చూపించింది. "పొద్దుగాల గా చేన్లకెల్లే నడిచొచ్చిన. ఆకు గీసుకుంది సూడుండ్రి. కోసిన చెరుకు గీసుకుంటదా?"

గొడవ విని ఆఫీసరు బయటికొచ్చాడు. వ్యవసాయంలో పెద్ద చదువు చదివిన మనిషి. తెల్లచొక్కా మీద మడత నలగనిచ్చేవాడు కాదు. తెర చూశాడు, ఆమెను చూశాడు. "బెల్లం బట్టీకి అమ్ముకుని, ఇప్పుడు వేరేవాళ్ల చెరుకు నీ నంబరు మీద తోలుదామని వచ్చావా? ఇట్లాంటివి ఆపడానికే కదా మెషీన్ తెచ్చింది. వెళ్లు" అన్నాడు.

"దొంగననుకుంటున్నవా సారూ?"

"నేననడం లేదు. మెషీన్ అంటోంది."

ఆమె కొంగు దులుపుకుని, "కాయ్ సాంగూ" అని తనలో తాను అనుకుంది. ఏం చెప్పను అని. గుమ్మం దాటుతూ నా దిక్కు తిరిగింది. "నువ్వేనా అన్నా కంప్యూటరాయనవు? నీకన్న ఎర్కనా నా చెరుకు ఏడవోయిందో?"

నాకూ తెలియదు. కానీ ఆ గీతలు చూశాను. ఆ సాయంత్రం ఫీల్డ్‌మాన్‌ను పక్కకు పిలిచి, బండి మీద ఒక్కసారి పోయి చూసి రమ్మన్నాను. మంచివాడు, పోయాడు. మర్నాడు నా బల్ల దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "గురువుగారూ, చెరుకు నిలబడే ఉందండీ. మనిషికి ఎత్తు పైన ఉంది. గెడ పట్టుకుని ఊపి చూశాను. బంగారం లాంటి చేనండీ. ఇంకో నెల ఆగితే పూత పడిపోద్ది."

ఇద్దరం ఆఫీసరు గదిలోకి పోయాం. చెరుకు చేనులోనే ఉంది సార్, మెషీన్‌లోనే ఏదో తప్పుంది అన్నాను. ఆఫీసరు నన్ను చూడలేదు. ఫీల్డ్‌మాన్‌ను చూశాడు. "కోత పూర్తయినట్టు రాసింది ఎవరి మెషీన్‌లో?"

"నా మెషీన్‌లోనేనండీ."

"అంటే కోయని చెరుకును కోసినట్టు నువ్వు రాశావన్నమాట. మెమో ఇవ్వనా?"

మా ఫీల్డ్‌మాన్ నేల చూశాడు. అప్పటికి అతని పర్మినెంటు కాగితం హెడ్డాఫీసులో సంతకానికి ఉంది. "మెషీన్‌లో అయితే కటింగ్ అయిందనే ఉందండీ" అన్నాడు.

"నువ్వు చేను చూశావా?"

"అదేనా కాదా అన్నది నేను... గట్టిగా చెప్పలేనండీ."

నిన్న గెడ పట్టుకుని ఊపినవాడే ఇవాళ ఆ మాట అన్నాడు. బయటికొచ్చాక నా ముఖం చూడలేకపోయాడు. నేనూ అతనితో ఆరు నెలలు టీ తాగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అతని మీద కోపం చల్లారింది. మనిషి చూసింది అబద్ధం, మెషీన్ చూపేది నిజం అని ఒక ఆఫీసు నిర్ణయించుకున్నాక, కళ్లున్నవాడే నేరస్థుడవుతాడు. అతను కళ్లు మూసుకున్నాడు.

ఆ వారంలోనే ఇంకా కొందరు వచ్చారు. ఒకరికి రెండెకరాలుంటే మెషీన్‌లో పన్నెండు. ఒకరు కార్తీకంలో నాటితే మెషీన్‌లో అంతకు ఆరు నెలల ముందు నాటినట్టు. వచ్చినవాళ్లంతా దూరపు ఊళ్లవాళ్లే, అంతా మెంబర్లు కానివాళ్లే. కాలువ కింది మెంబరు ఒక్కడికీ ఈ తిప్పలు రాలేదు. వచ్చి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. నేను పోస్టాఫీసు పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఆ హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసి, మెషీన్ తయారుచేసిన ఇంజనీరు పిల్లవాణ్ణి రమ్మని బతిమాలాను. అతను కంపెనీకి చెప్పకుండా, సొంత ఖర్చు పెట్టుకుని బస్సులో వచ్చాడు.

చదువుకున్నవాళ్లందరినీ తిడతాడు ముసలాయన అని నా మీద ఒక పేరుంది. ఈ పిల్లవాణ్ణి మాత్రం ఎన్నడూ తిట్టలేదు. వచ్చి కూర్చున్నాడు. ఆమె నంబరు కొట్టాడు. ఏడెకరాలు, కోత అయిపోయింది. కొంచెంసేపు తెరనే చూశాడు. కాగితం మీద ఏదో తీసివేత చేశాడు. తర్వాత ఐదో ఊరి డెబ్బయ్యారో మెంబరు నంబరు కొట్టాడు. ఐదు వేల డెబ్బయ్యారు. అచ్చం అదే వచ్చింది. ఏడెకరాలు, కోత అయిపోయింది.

"అన్నా, మీ ఆఫీస్ జీపు మీటర్ ఎన్ని కిలోమీటర్ల దాకా తిరుగుతది?" అని అడిగాడు.

మా జీపు మీటరు అప్పటికే ఒకసారి అంకెలన్నీ తొమ్మిదులై, మళ్లీ సున్నాల నుంచి మొదలైంది. డ్రైవరు ఆ రోజు జీపు కొత్తదైందని అందరికీ చాయ్ పోయించాడు. ఆ మాటే చెప్పాను.

"ఇదీ అంతే. ఈ మెషీన్‌లో చిప్ చిన్నది. అది పట్టుకోగలిగే అతి పెద్ద అంకె అరవై ఐదు వేల ఐదువందల ముప్పై ఐదు. అది దాటితే మళ్లీ సున్నా నుంచి వస్తది. డెబ్బై వేల ఆరువందల పన్నెండు కొడితే తెర మీద మీరు కొట్టిన అంకెలే కనపడతయి. లోపల మాత్రం అది తిరిగొచ్చి ఐదు వేల డెబ్బయ్యారు అయి కూర్చుంటది. ఆ నంబర్ మీద ఇంకో రైతు ముందే ఉన్నడు. ఉన్న నంబర్ మళ్లీ వస్తే వదిలేయమని రాసిన, డబుల్ ఎంట్రీలు రావొద్దని. అందుకే ఆమె అసలు ఎక్కనే లేదు."

మెంబర్లకు ఎందుకు రాలేదని అడిగాను. ఊరు ఎంత దూరమైనా మెంబర్ల చివరి మూడంకెలు చిన్నవి కాబట్టి, తిరిగొచ్చినా ఖాళీ జాగాల్లో పడ్డాయట. ఐదువందల పైన ఉన్నవాళ్లే పోయి కాలువ కింది మెంబర్ల నెత్తిన పడ్డారట. బతుకులోనే కాదు, చిప్‌లో కూడా మెంబరుకే జాగా దొరికిందన్నమాట.

"తప్పు నాదే అన్నా" అన్నాడు ఆ పిల్లవాడు. "మీ ఆఫీసును ఎంతమంది రైతులని అడిగిన. పదకొండు వేలన్నరు. అంతకంటే మస్తు జాగా ఉందనుకున్న. అన్నిటికంటే పెద్ద నంబర్ ఏదని అడగాల్సింది."

పిల్లలూ, మీ పుస్తకాల్లో ఇంతకంటే పెద్ద పాఠం ఉంటే నాకు చూపించండి.

మర్నాడు ఆఫీసరు గదిలో కూర్చున్నాం. ఆమె కూడా ఆ రోజే వచ్చింది. ఈసారి తోడికోడలు వెంట ఉంది. ఇద్దరూ కలిసి చెరుకు గెడల మోపు ఒకటి మోసుకొచ్చారు. వేళ్లతో సహా పీకినవి, మట్టి ఇంకా తడిగానే ఉంది. నేరుగా గదిలోకి వచ్చి ఆ మోపును ఆఫీసరు బల్ల మీద వేసింది. కాగితాలు చెదిరిపోయాయి.

"ఇగో సారూ, మీరు కోసేసిన చెరుకు."

ఆఫీసరు రుమాలుతో చొక్కా మీద మట్టి దులుపుకున్నాడు. ఇంజనీరు లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. "అమ్మా, మీరు చెప్పింది నిజం. మెషీన్‌ది తప్పు" అన్నాడు. ఆ ఆఫీసులో ఆమెకు ఎవరైనా పెట్టిన నమస్కారం అదొక్కటే.

తర్వాత ఆఫీసరుకు విడమరిచి చెప్పాడు. ఐదంకెలనూ ఒకే సంఖ్యగా కాకుండా, ఊరి నంబరు వేరుగా, మనిషి నంబరు వేరుగా, రెండు చిన్న సంఖ్యలుగా పెడితే చాలు. ఎప్పటికీ ఈ గొడవ రాదు. అన్ని మెషీన్లనూ ఒక్కరోజు ఆఫీసుకు తెప్పిస్తే తానే కూర్చుని మార్చేస్తానన్నాడు.

"ఒక్కరోజు చీటీలు ఆగితే ఫ్యాక్టరీకి చెరుకెక్కడిది?" అన్నాడు ఆఫీసరు. "బాయిలర్ ఆగితే జవాబు ఎవరు చెప్తారు, నువ్వా? ఎంతమందికి వచ్చింది ఈ ఇబ్బంది?"

"నలభై యాభై మంది ఉంటరు సార్."

"యాభై మంది కోసం పదకొండు వేల మందిని ఆపాలా? వాళ్ల నంబర్లు మార్చేయండి."

ఇంజనీరుకు అర్థం కాలేదు. "నంబర్లు కాదు సార్, ప్రోగ్రామ్ మార్చాలె."

"ప్రోగ్రామ్ పదకొండు వేల మందిది. నంబరు వాళ్లది. నలభై ఎనిమిదో ఊరు ఖాళీగా ఉంది, అక్కడ చెరుకు మానేసి నాలుగేళ్లయింది. వీళ్లందరినీ అందులో వేసేయండి. చిన్న నంబరే కదా, నీ చిప్‌లో పడుతుంది కదా?"

"పడుతది సార్, కానీ..."

"అయిపోయింది."

ఏమయిందో చూడండి. ఒక చిప్‌లో అంకె పట్టడం లేదు. చిప్ మారలేదు, ప్రోగ్రాం మారలేదు. మనుషులు మారారు. మద్నూర్ అవతలి ఊళ్ల రైతులు రాత్రికి రాత్రి, ఎన్నడూ చూడని, చెరుకే పండని ఊరివాళ్లయిపోయారు. ఇంతకంటే హాయిగా సమస్య తీర్చిన ఆఫీసరును నేను చూడలేదు. మూడేళ్లలో ఆయనకు పెద్ద పదవే వచ్చింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. కొత్త నంబరు ఎక్కిస్తే మెషీన్ నమోదు తేదీ తనంతట తానే ఆ రోజుది వేసుకుంటుంది. వరసేమో నమోదు తేదీని బట్టి. అంటే నిరుడు అందరికంటే ముందు పేరు రాయించుకున్న ఆమె, ఇప్పుడు అందరికంటే చివర చేరినట్టయింది. పాత తేదీ వేయాలంటే ఆఫీసరు తన పాస్‌వర్డ్ కొట్టాలి. అంతే. ఐదు నిమిషాల పని.

"బ్యాక్ డేట్ వేసినట్టు రేపు ఆడిట్‌లో పట్టుకుంటే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు.

"అయితే చేత్తో రాసిద్దాం సార్. పాత కార్బన్ పుస్తకం ఉంది, నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి" అన్నాను.

"గేటులో మెషీన్ చీటీ తప్ప తీసుకోవద్దని ఆర్డరు వేసింది నేనే. నేనే తప్పమంటావా?"

ఇదంతా ఆమె నిలబడి వింటోంది. తేదీలూ పాస్‌వర్డ్‌లూ ఎంత తెలిశాయో గానీ, చివరికి నన్ను అడిగింది. "అన్నా, నాకు సాఫ్ చెప్పు. నా చెరుకు ఎప్పుడు కోస్తరు?"

ఆఫీసరు నా దిక్కు చూశాడు. నోరు మూసుకోమని ఆ చూపుకు అర్థం. నాకూ ఉద్యోగం ఉంది, ఇల్లుంది. అయినా ఆ పూట నోరు ఆగలేదు.

"కోయరక్కా. నీ వంతు చివరికి వేసిండ్రు. అప్పటిదాకా ఫ్యాక్టరీ నడవది. బెల్లం బట్టీ దొరికితే ఇప్పుడే అమ్ముకో" అన్నాను.

"బట్టీకి అమ్ముకుంటే మెంబర్ అయితనా?"

తల అడ్డంగా ఊపాను.

"మొదటిసారి బెట్టిన చెరుకు ఫ్యాక్టరీకే తోల్త. నా పేరు మీద నంబర్ రావాలె, గందుకే బోరేసిన. మీ తప్పని మీరే ఒప్పుకుంటిరి గద. అటెన్క చీటీ ఇయ్యరాయె. గిదేం న్యాయం సారూ?" అని ఆఫీసరును అడిగింది.

"సిస్టం అమ్మా. మా చేతుల్లో లేదు" అన్నాడాయన. పాస్‌వర్డ్ ఉన్న చేతులు బల్ల మీద చెరుకు మట్టిని తుడుస్తున్నాయి.

ఆమె తోడికోడలు గెడలు ఎత్తుకోబోతే ఆమె వద్దంది. "ఉండనియ్. వాళ్లు కోసిందే గద, వాళ్లకాడనే ఉండనియ్." ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఇంజనీరు పిల్లవాణ్ణి బస్సు ఎక్కించాను. వారం తిరగకముందే నన్ను ఆఫీసు నుంచి తీసి ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లు తూచే కాటా మీద వేశారు. రైతును రెచ్చగొట్టానట.

కాటా దగ్గర కూర్చుని ప్రతి బండి చీటీ చూసేవాణ్ణి. నలభై ఎనిమిదో ఊరి చీటీ ఒక్కటైనా వస్తుందేమోనని. మెంబర్ల బండ్లు వచ్చాయి, మెంబర్ల బంధువుల బండ్లు వచ్చాయి. నలభై ఎనిమిది రాలేదు. ఎండలు మండిపోతుండగా ఫ్యాక్టరీ ఆగింది. సీజన్ ముగింపు సభ పెట్టారు. షామియానా వేసి, ఆఫీసరుకు శాలువా కప్పారు. మా డివిజన్‌లో ఒక్క ఎకరం చెరుకు కూడా కోయకుండా మిగల్లేదని మైకులో చదివారు. ఆ కాగితం అచ్చులో నేనూ చూశాను. ఊరి వారీగా మిగిలిన చెరుకు అన్నిచోట్లా సున్నా. నలభై ఎనిమిదో ఊరు ఆ కాగితంలో లేనేలేదు. చెరుకు మానేసిన ఊరని హెడ్డాఫీసు కంప్యూటర్‌లో ఎప్పుడో తీసేశారు కదా. అడ్రసు లేని ఊళ్లో వేసిన మనుషులకు లెక్కలోనూ చోటు లేకపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఫీల్డ్‌మాన్ కూడా కొట్టాడు. మధ్యలో నన్ను చూసి ఆపేశాడు.

ఆ ఆదివారం నేను బస్సెక్కి మద్నూర్ దిక్కు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. చెప్పడానికి మాట లేదు, ఇవ్వడానికి చీటీ లేదు. రోడ్డు మీద లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. ఊరు అడిగి, దారి అడిగి చేను దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. చుట్టుపక్కల చేన్లన్నీ ఖాళీ. మధ్యలో ఆ ఎకరన్నర గోడలాగా నిలబడి ఉంది. తెల్లటి పూత కంకులు పైకి లేచి గాలికి ఊగుతున్నాయి. తెలియనివాడు చూస్తే ఎంత అందంగా ఉందనుకునేవాడు. ఒక గెడ విరిచాను. లోపల తెల్లగా, పొడిగా, బెండులాగా ఉంది. నీళ్ల చుక్క లేదు.

ఆమె, తోడికోడలు గట్టు పొడుగునా ఎండుటాకు ఊడ్చి, చేనుకూ పక్క చేనుకూ మధ్య నేలను పారతో చెక్కుతున్నారు. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"వచ్చినవా కంప్యూటరన్నా? చీటీ తెచ్చినవా?" అంది తోడికోడలు ఎకసెక్కంగా.

"ఊకో" అంది ఆమె. కుండలోంచి నీళ్లు ముంచి నాకిచ్చింది. తాగాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఎవరి తరఫున అడగాలో తేలలేదు. అడగలేదు.

"గాలి అటుకెల్లి ఇటొస్తుంది. నువ్వు గీ దిక్కు నిలబడన్నా" అంది.

అగ్గిపెట్టె తీసింది. ఒంగి, మూల దగ్గర ఎండుటాకు కుప్పకు అంటించింది. ఆ చెరుకు మండటానికి ఎంతోసేపు పట్టలేదు. గెడలు టపటపా పేలుతుంటే ఎలుకలు, కుందేళ్లు, ఏవేవో బయటికి పరుగెత్తాయి. తోడికోడలు ముఖం తిప్పుకుని ఏడ్చింది. ఆమె ఏడవలేదు. కొంగుతో ముక్కు మూసుకుని, మంట గట్టు దాటకుండా పారతో కాపు కాస్తూ నిలబడింది. చివరి వరస దాకా కాలి, పొగ పల్చబడి, అవతలి రోడ్డు మీద లారీలు కనబడేదాకా ముగ్గురం అట్లాగే ఉన్నాం.

అప్పుడు పార నేలకు కొట్టి నా దిక్కు తిరిగింది.

"ఇగ పోయి మీ సారుకు చెప్పు" అంది. "మిషిన్ల ఉన్నదే నిజమాయె. కటింగ్ అయిపోయింది."